ఎవరూ లేవని సభ

మా సభలో బోండాలు మృదంగాన్ని బట్టి వేగేవి. ఢిల్లీలో రామకృష్ణాపురం దగ్గర మా తెలుగువాళ్ళ సంగీత సభకి ఒక హాలు ఉంది, హాలు వెనక వంటగది ఉంది. వంటవాడికి రాగం తెలియదు, తాళం తెలియదు. పాట ఆగిపోయి మృదంగం ఒక్కటే వినబడుతోందంటే బాణలిలో పిండి వెయ్యాలని మాత్రం తెలుసు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే హాల్లో సగం మంది లేస్తారు. కచేరీ మొత్తంలో మృదంగం వాయించేవాడికి తన విద్య చూపించుకోవడానికి దొరికేది ఆ ఒక్క పావుగంట. దాన్నే తని ఆవర్తనం అంటారు. అంతవరకూ తలలూపుతూ కూర్చున్న పెద్దమనుషులు ఆ పావుగంటలోనే కాఫీకి వెళ్ళి వస్తారు. అది తప్పని ఎవరూ అనుకోరు. ఒకరు లేస్తే పక్కవారు లేస్తారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు లేస్తారు. నలుగురూ చేసేదాన్ని అమర్యాద అని ఎవరంటారు?

ఆ మృదంగం వాయించేవారు మా ఆయన.

పేరు పద్మనాభం. పగలు ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు, సాయంత్రం విద్వాంసుడు. పెద్దపెద్ద గాయకులు వస్తే తమ మృదంగం వాళ్ళని తామే వెంటబెట్టుకుని వస్తారు. ఇంకా పైకి రావలసినవాళ్ళు ఒంటరిగా దిగుతారు. వాళ్ళకి మా ఆయన. మా పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. కొత్తకాపురంలో ఆయన సాధనకి తాళం వేసే మనిషి కావలసి వచ్చి నన్ను కూర్చోబెట్టారు. అలా కూర్చున్నదాన్ని ఇక లేవలేదు. ఇంట్లో ఎదురుగా పీట మీద, సభలో మొదటి వరసలో. హాలంతా ఖాళీ అయినా నా చెయ్యి మాత్రం తొడ మీద తాళం వేస్తూనే ఉండేది. ఆయన కూడా వాయిస్తున్నంతసేపూ హాలు వైపు చూడరు, నా చేతి వైపు చూస్తారు. చూస్తే ఏముంది గనక, కుర్చీలు.

పోయిన చలికాలం సంగతి ఇది. దీపావళి వెళ్ళిన వారం, ఢిల్లీ అంతా పొగ. సరోజినీ నగర్‌లో మా క్వార్టర్‌కి కిటికీలన్నీ బిగించుకుని ఆయన సాధన చేసుకుంటున్నారు, నేను తాళం వేస్తున్నాను. నా చెయ్యి పడేదానికీ ఆయన వేలు పడేదానికీ మధ్య వెంట్రుకవాసి తేడా వస్తోంది. రెండు మూడు రోజులు చూశాను. చలికి నా చెయ్యే బిగుసుకుపోతోందేమో, కీళ్ళనొప్పులేమో అనుకుని చివరికి ఆయనకే చెప్పుకున్నాను. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. ఆయన మృదంగాన్ని పక్కకి జరిపి, కుడిచెయ్యి నా ముందు చాపారు. ఉంగరపు వేలు దానంతట అది వణుకుతోంది.

“నీ తాళం సరిగ్గానే ఉందే. తేడా ఇక్కడుంది” అన్నారు.

డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. మాత్ర వేసుకున్నాక కాసేపు వేళ్ళు మాట వింటాయని, ఆ కాసేపు రానురాను తగ్గుతుందని చెప్పాడు. వాయించవచ్చా అని ఈయన అడిగితే, వీలైనంతకాలం వాయించండి, అది మంచిదే అన్నాడు. వీలైనంతకాలం అంటే ఎంతకాలమో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజునుంచి ఆ చెయ్యి శాలువా లోపలికి వెళ్ళిపోయింది. ఆఫీసులో స్వెటర్ జేబులో, బజార్లో కూరల సంచీ వెనక, ఎవరైనా ఎదురొస్తే నమస్కారం కూడా తలతోనే. చలికాలం కావడం కలిసొచ్చింది. ఢిల్లీలో చలికాలం ఎవరి చేతులూ ఎవరికీ కనబడవు.

డిసెంబరులో మా సభ వార్షికోత్సవం. హైదరాబాదు నుంచి సాత్విక అనే కొత్త గాయని వస్తోందని, మృదంగం ఈయనదేనని కార్యదర్శి అనంతరామయ్య గారు ఫోన్ చేశారు. ఒప్పుకోరేమో అనుకున్నాను. వెంటనే ఒప్పుకున్నారు. ఆ మర్నాటి నుంచి సాధన మారిపోయింది. వినగా వినగా నాకు అనుమానం వచ్చింది. తని చివర వాయించే ముక్తాయింపు ఒకటుంటుంది. ఎక్కడెక్కడో తిరిగిన లెక్కలన్నీ మూడుసార్లు వచ్చి, పాట మొదలైన చోట దిగి ఆగుతుంది. ఆ ముక్తాయింపుని కొత్తగా కడుతున్నారు. కానీ అందులో వాయించేదానికన్నా ఆపేదే ఎక్కువగా ఉంది.

“ఏవండీ, సగం ఖాళీగానే ఉందేవిటి?” అన్నాను.

“ఆ ఖాళీలే వాయిస్తున్నానే” అన్నారు. “వేలు పడనిచోటల్లా నిశ్శబ్దం పెట్టాను. దెబ్బ పడకపోయినా లెక్క నడుస్తూనే ఉంటుంది. వినేవాడు లోపల నడుపుకోవాలి. నేను లోపల నడుపుకుంటాను. చివర అందరం ఒక్కచోట దిగుతాం.”

ఆయన అంత పొడుగు మాటలు మాట్లాడటం నేను చాలాకాలానికి విన్నాను. వినడానికి తేలికగానే ఉందిగానీ, తాళం వేస్తుంటే ఒళ్ళు జలదరించేది. దెబ్బకీ దెబ్బకీ మధ్య గదిలో ఏమీ ఉండదు, నా చెయ్యి ఒక్కటే నడుస్తూ ఉంటుంది, అంతలో ఎక్కడినుంచో ఒక్క దెబ్బ వచ్చి సరిగ్గా నా వేలి మీద వాలుతుంది. వణికే వేలు చెయ్యలేని పనిని ఆ మౌనం చేత చేయించారు. అయితే ఒకటోసారీ రెండోసారీ వాయించి, మూడోసారికి ఆపేసేవారు. పూర్తిగా ఎప్పుడు వినిపిస్తారని అడిగాను.

“సభలో. ఈ వేళ్ళకి ఇంకెన్నిసార్లు మిగిలున్నాయో తెలీదు, ఇంట్లో ఖర్చుపెట్టలేను” అన్నారు. నా వైపు చూడకుండా మళ్ళీ అన్నారు. “కుర్చీ కిర్రుమన్నా ఇది వినబడదు అరుంధతీ. ఒక్కసారి, ఈ ఒక్కసారికి, ఎవరూ లేవకుండా ఉంటే చాలు.”

ఇన్నేళ్ళలో ఆయన జనం లేచిపోతారని నా దగ్గర కూడా ఒక్కమాట అనలేదు. అడిగితే, వాళ్ళకి ఆకలివేస్తుంది పాపం అనేవారు.

మర్నాడే అనంతరామయ్య గారింటికి వెళ్ళాను. రిటైరైన పెద్ద ఆఫీసరు, మంచి మనిషి, తని మొదలైతే మొదట లేచేది ఆయనే. చెయ్యి సంగతి చెప్పకుండా, ఈసారి తని అయ్యేదాకా కాఫీ ఆపించమని అడిగాను. ఆయన చాలా నొచ్చుకున్నారు, తనకి షుగరనీ, ఆ వేళకి ఏదో ఒకటి నోట్లో పడకపోతే కళ్ళు తిరుగుతాయనీ చెప్పారు. కాఫీ ఆపిస్తాను గానీ లేచే జనాన్ని ఆ బ్రహ్మదేవుడు కూడా ఆపలేడమ్మా, అలవాటు అన్నారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. కాఫీ లేని రోజుల్లో కూడా జనం లేచి వరండాలోకి వెళ్ళి ఊరికే నుంచునేవారు.

ఆ శనివారం హారిక వచ్చింది. హారిక మా ఒక్కగానొక్క కూతురు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడే స్నేహితురాళ్ళతో ఫ్లాట్. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మూడు భాషల్లో వస్తుంది. నాన్న చెయ్యి సంగతి దానికి తెలుసు. తెలిసినప్పటినుంచి ప్రతివారం వస్తోంది, వచ్చి ఆయన పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. ప్రేమ చూపించడం దానికి అలాగే వచ్చు. ఎందుకలా ఉన్నావని వంటింట్లో నా చెయ్యి పట్టుకుని నిలదీస్తే, ఇదే ఆఖరి తని కావచ్చునని, జనం లేవకుండా ఉంటే చాలని ఆయన అడిగారని చెప్పాను.

“అమ్మా, యార్, ఆ హాల్ నింపడం నా పని” అంది. “మా ఆఫీస్ వాళ్ళు, మా సొసైటీ వాళ్ళు, అందరినీ తెస్తా. నాన్న సోలో టైమ్‌లో ఒక్కరు కూడా లేవరు. వాష్‌రూమ్‌కి కూడా లేవరు. ప్రామిస్.”

తల్లిని యార్ అనే కూతురు నాకు తప్ప ఎవరికుంది అనుకుని నవ్వుకున్నాను. చాలా రోజులకి ఆ రోజు నవ్వాను. దాని స్నేహితులు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు. ఎక్కడెక్కడి మైదానాల్లోనో వేలమంది మధ్య గంటలకొద్దీ నిలబడి పాటలు వింటారు. అన్ని గంటలు నిలబడగలిగినవాళ్ళు పావుగంట కూర్చోలేరా? ఆయనకి చెపితే, రానీవే, పిల్లలు వింటే మంచిదేగా అన్నారు. ఆ సాయంత్రం ఎప్పటికన్నా ఎక్కువసేపు సాధన చేశారు.

కచేరీ రోజున పొద్దుటినుంచీ మంచు. ఈ పొగమంచులో ఎవరొస్తారులే అనుకుంటూ హాలుకి వెళితే, బయట ఆఫీసు క్యాబులు బారులు తీరి ఉన్నాయి. లోపల కుర్చీ ఖాళీ లేదు. కుర్రవాళ్ళు, అమ్మాయిలు, మెడలో మఫ్లర్లు, ఒకళ్ళిద్దరు పంజాబీ పిల్లలు కూడా. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఆంటీ, ఇందులో కూర్చోవాలా, నిలబడాలా అని హిందీలో ఎంతో వినయంగా అడిగింది. కూర్చోవాలమ్మా అన్నాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోమని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా హారిక తెలివి చూడండి, వాళ్ళందరినీ ప్రతి వరసకీ చివర కుర్చీల్లో కూర్చోబెట్టింది. పెద్దమనుషులు లేవాలంటే వీళ్ళ మోకాళ్ళు దాటుకుని వెళ్ళాలి.

సాత్విక బాగా పాడింది. చిన్నపిల్ల, చలాకీ. పిల్లలు ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మా పెద్దవాళ్ళు కొడితే కొట్టారు, మానితే మానారు. వెనకవరసలో అనంతరామయ్య గారు, ఈ కాలం పిల్లలు ఎంత బుద్ధిమంతులు అని పక్కవారితో అనడం నాకు వినబడింది. మా ఆయన మాత్ర వేసుకుని వచ్చారు. వేళ్ళు మాట వింటున్నాయి. నాకు అక్కడినుంచే తెలుస్తోంది.

ప్రధాన కీర్తన అయింది. సాత్విక ఆయన వైపు తిరిగి చెయ్యి చూపించింది. తని మొదలయింది.

వెనక అలవాటుగా కుర్చీలు కదిలాయి. అనంతరామయ్య గారు లేవబోయారు. పక్కన కూర్చున్న అబ్బాయి కదలకుండా ఆయన వైపు చూసి నవ్వాడు. ఆయన మళ్ళీ కూర్చున్నారు. ఆయన కూర్చోవడం చూసి లేచినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. అంతే, హాలంతా సద్దుమణిగింది. కాఫీ ఆపమన్నా, వంటవాడు అలవాటుకొద్దీ పిండి వేసి ఎదురుచూసి ఉంటాడు. ఎవరూ వెళ్ళలేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. ఆయన ఒక్కసారి తలెత్తి హాలు వైపు చూశారు. మా పెళ్ళయ్యాక తనిలో ఆయన హాలు వైపు చూడటం అదే మొదటిసారి. తర్వాత నా చేతిని చూసి, కళ్ళు మూసుకున్నారు.

మొదటి భాగం ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా వాయించారో చెప్పలేను. మృదంగం ఆ హాల్లో చివరి కుర్చీ దాకా వెళ్ళడం నేను అంతకుముందు వినలేదు. ఇక మెల్లగా లెక్కలు చిక్కబరుస్తూ, ముక్తాయింపుకి దారి చేసుకుంటూ, మొదటి నిశ్శబ్దం పెట్టారు.

ఆ నిశ్శబ్దంలోకి వెనకనుంచి ఎవరో ఈలవేశారు.

దుర్మార్గమేమీ కాదు. వాళ్ళు వెళ్ళే చోట్ల వాయించేవాడు ఆగాడంటే, మీరు అందుకోండి అని జనాన్ని పిలిచినట్టు. పిలిస్తే పలకకపోవడం వాళ్ళలో అవమానం, ఆ మనిషి నచ్చలేదని చెప్పడం. నచ్చాడని చెప్పడానికే వచ్చిన పిల్లలు ఖాళీ ఎలా ఉంచుతారు? ఒక నీలం జాకెట్టు అబ్బాయి చప్పట్లు మొదలుపెట్టాడు, దెబ్బకొక చప్పట. పక్కన అమ్మాయి అందుకుంది. మా హారిక అందుకుంది. ఒక వరస, తర్వాత ఒక వరస. మా పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హాలంతా కొడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏం బావుంటుందనో ఏమో, వాళ్ళూ మొదలుపెట్టారు. చివరికి అనంతరామయ్య గారు కూడా. వేదిక మీద తాళం వెయ్యవలసిన సాత్విక నవ్వుతూ రెండు చేతులూ తలపైకెత్తి, రండి రండి అన్నట్టు వాళ్ళతో కలిసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

జనం చప్పట్లు ఒకచోట నిలబడవు. ఎవరికి వారు పక్కవాడికన్నా వెనకబడకూడదనుకుంటారు, అందుకని పరుగెడతాయి. ఆయన లయ అక్కడే ఉంది, హాలు ముందుకి పోతోంది. ఆయన పెట్టిన ప్రతి ఖాళీలోనూ రెండు చప్పట్లు, ఒక కేక. ఇప్పుడు ఆ హాల్లో తాళం నా తొడ మీద తప్ప ఎక్కడా లేదు. ఆయన కళ్ళు తెరిచి నా చేతిని పట్టుకున్నారు. చూపుతో పట్టుకున్నారు. నేను అంత గట్టిగా ఎప్పుడూ తాళం వెయ్యలేదు. తొడ కందిపోయింది. ఒకసారి, రెండుసార్లు, నా చేతి మీదే వచ్చి దిగారు. ఇక ముక్తాయింపే మిగిలింది. ఆయన ఉంగరపు వేలు మృదంగం మీద వణకడం మొదలుపెట్టింది.

ఆయన తలెత్తి హాలు వైపు చూశారు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. హారిక ఏడుస్తూ చప్పట్లు కొడుతోంది. ఆయన ఆ పిల్లని కాసేపు చూశారు. చూసి, నా వైపు తిరిగి, వద్దులే అన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపారు.

నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన హాలుతో కలిశారు. వాళ్ళు పరిగెత్తిన వేగానికే, వాళ్ళు కొట్టిన చోటే కొడుతూ, పసిపిల్లలకి మొదటి ఏడాది నేర్పే ముక్తాయింపు ఒకటి మూడుసార్లు వాయించి ముగించారు. దానికి వణికే వేలు అక్కర్లేదు. హాలు దద్దరిల్లిపోయింది. నీలం జాకెట్టు అబ్బాయి లేచి నిలబడ్డాడు. ముందువాళ్ళు లేస్తే వెనకవాళ్ళకి కనబడదు గనక వాళ్ళూ లేచారు. అందరూ లేచారు. ఆయన కనబడక నేను కూడా లేచాను.

ఎవరూ బయటికి వెళ్ళలేదు. చల్లారిపోయిన బోండాలు కచేరీ అయ్యాక పిల్లలే మెచ్చుకుంటూ తిన్నారు. అనంతరామయ్య గారు ఆయన రెండు భుజాలూ పట్టుకుని, మా సభ చరిత్రలో ఇలాంటి తని ఎన్నడూ జరగలేదు పద్మనాభం గారూ, వచ్చే ఏడు కూడా ఇదే చప్పట్ల అంశం పెట్టాలి అన్నారు. హారిక వచ్చి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి భుజం మీద తలపెట్టుకుంది.

“హ్యాపీయేనా నాన్నా? ఒక్కరు కూడా లేవలేదు, దేఖా?” అంది.

“చూశానమ్మా” అన్నారు. దాని తల నిమిరారు, ఎడమచేత్తో. “చాలామంది వచ్చారు. నాకోసం ఇంతమంది ఎప్పుడూ రాలేదు.”

ఇంటికొచ్చాక ఆయన ఒక్కమాట మాత్రం అన్నారు, దానికి చెప్పకు అని. చెప్పను అన్నాను. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ రాత్రి గిన్నెల మీద చూపించాను. పిల్ల మీద కోపం రాదు, దాని స్నేహితుల మీద రాదు. పాపం ఆ మంచులో గురుగ్రామ్ నుంచీ నోయిడా నుంచీ పనులు మానుకుని వచ్చారు. ఇన్నేళ్ళూ లేచి వెళ్ళినవాళ్ళ మీద వద్దామంటే వాళ్ళూ ఆ రోజు కూర్చున్నారు. ఈయన కోరుకున్న ఒక్కటీ ఈయనకి జరిగింది, జరిగి చేతిలోంచి జారిపోయింది.

హారిక ఆ తని వీడియో పెట్టింది. ఎంతమందో చూశారట. మా బంధువులు ఊరినుంచి ఫోన్లు చేశారు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఆయనతో ఫోటోలు దిగారు, ఆయన కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డారు. వీడియో మాకు చూపించినప్పుడు నేను ఆ తల అడ్డంగా ఊపిన చోటు కోసం చూశాను. అందులో కెమెరా జనం మీద ఉంది.

సంక్రాంతి దాటాక ఒకరోజు నేనే పీట వేసుకుని కూర్చున్నాను. ఆ ముక్తాయింపు నాకు ఒక్కదానికి వినిపించండి, ఎవరూ లేరుగా అన్నాను. ఆయన మాత్ర వేసుకుని, వేళ్ళు దారికి వచ్చేదాకా కూర్చుని, మృదంగం ఒళ్ళోకి తీసుకున్నారు. నేను తాళం మొదలుపెట్టాను. ఒకటోసారి సగంలో వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే. మూడోసారి మొదలుపెట్టలేదు. నోటితో చెప్పండి పోనీ, తకధిమి అంటూ జతులుగా చెప్పండి అన్నాను.

“నోటితో చెపితే ఖాళీలు ఖాళీలుగా ఉండవే. ఊపిరి వినబడుతుంది” అన్నారు. మృదంగానికి గుడ్డ కప్పి, గోడవారగా పెట్టేశారు. ఆ ముక్తాయింపు మూడోసారి ఎలా వచ్చి దిగుతుందో నాకు కూడా తెలియదు. ఆయనకి ఒక్కరికే తెలుసు.

ఇక వాయించనని సభకి కబురు పంపారు. పీక్‌లో ఆపేశారు నాన్న, ఎంతమందికి ఆ ధైర్యం ఉంటుంది అని హారిక అందరికీ చెప్పుకుంది.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం అది మా ఇద్దరినీ గురుగ్రామ్‌లో ఒక పెద్ద కాన్సర్ట్‌కి తీసుకువెళ్ళింది. తన లోకం నాన్నకి చూపించాలని దాని సరదా. వద్దని నేననేలోపు ఆయన, వెళదాం, పిల్ల ఇంతగా అడుగుతోంటే అన్నారు. మైదానం నిండా జనం. మాకు పక్కన మెట్ల మీద కుర్చీలు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కచోట కుదురుగా ఉండరు, తాగేవి తెచ్చుకోవడానికి వెళుతూ వస్తూ, మా కాళ్ళు తొక్కుతూ, సారీ అంకుల్ అంటూ. పాడే అబ్బాయి చేతులెత్తమంటే అందరూ ఎత్తుతారు, దించమంటే దించుతారు. ఆయన శాలువా కప్పుకుని, ఏ పాటకి ఆ పాటకి లెక్క చూసుకుంటున్నట్టు తలూపుతూ కూర్చున్నారు. ఆ శబ్దానికి నా గుండె అదురుతోంది.

ఇంతలో పాడే అబ్బాయి పక్కకి తప్పుకున్నాడు. మిగతావాళ్ళు వాయిద్యాలు ఆపేశారు. వెనక డ్రమ్స్ దగ్గర కూర్చున్న కుర్రవాడు ఒక్కడే వాయించడం మొదలుపెట్టాడు. ముందువాళ్ళు లేచి నిలబడ్డారు, ఏమీ కనబడక మేమూ లేచాం. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

“చూడవే అరుంధతీ. ఎవరైనా వెళుతున్నారా?”

నేను చుట్టూ చూశాను. మెట్ల మీద, కింద, కనుచూపుమేర ఉన్నవాళ్ళందరి మొహాలూ ఆ కుర్రవాడి వైపే ఉన్నాయి. ఇందాకటిదాకా వెళుతూ వస్తూ ఉన్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని దారిలోనే ఆగిపోయారు.

“లేదండీ. ఒక్కరు కూడా కదల్లేదు” అన్నాను.

“అదృష్టవంతుడు” అన్నారు. మనసారా అన్నారు, ఆ కుర్రవాడి వైపు చూస్తూ.

ఆ కుర్రవాడు చేతిలోని పుల్లలు పైకెత్తాడు. మైదానమంతా చేతులెత్తింది. ఆయన శాలువాలోంచి కుడిచెయ్యి బయటికి తీసి, నెమ్మదిగా పైకెత్తారు. అప్పటికి వేలు ఒక్కటే కాదు, మణికట్టు దాకా వణుకుతోంది. దీపావళి తర్వాత, మృదంగం మీద తప్ప, నలుగురిలో ఆయన ఆ చెయ్యి బయటపెట్టడం అదే మొదటిసారి. చుట్టూ వేల చేతులు ఊగుతున్నాయి. వాటి మధ్య ఆ చెయ్యి ఎందుకు ఊగుతోందో అడిగేవాళ్ళు లేరు. హారిక అది చూసి సంతోషం పట్టలేక, నాన్నా అని అరిచి, తన చెయ్యి ఆయన చెయ్యి పక్కన ఎత్తింది.

నాకు ఏడుపు ఆగలేదు. హారిక నా వైపు తిరిగి, అమ్మా నువ్వు కూడా అంటూ, నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.